దుప్పట్లు రాని విభాగం

ఆ ఆస్పత్రికి నాలుగు అంతస్తులూ, ఒక నేలమాళిగా ఉన్నాయి. రోగులూ వాళ్ళ వెంట వచ్చినవాళ్ళూ పై అంతస్తులనే ఎరుగుదురు. కింద ఉతుకు గది ఉంటుందని చాలామందికి తెలియదు. పక్క మీద దుప్పటి తెల్లగా ఉంటే చాలు, దాన్ని ఎవరు ఉతికారని ఎవరూ అడగరు. ఆ గదిలో ఇరవై రెండేళ్ళుగా పనిచేస్తున్న ఒకామె గురించి, ఆమె జీవితంలోని ఒక్క పూట గురించి ఈ నాలుగు మాటలు.

ఆమెని అందరూ అత్త అంటారు. నిజానికి ఆమె మేనత్త అయింది ఒక్కరికే, తమ్ముడి బిడ్డకి. ఆ బిడ్డ పిలవగా విని పక్కింటివాళ్ళూ, తోటి పనివాళ్ళూ, చివరికి ఆమెకంటే ఆరేళ్ళు పెద్దవాడైన ఉతుకు గది మేస్త్రీ కూడా అత్త అనడం మొదలుపెట్టారు. “నేను నీకు అత్తనెట్లా అయ్యానయ్యా?” అని ఆమె అడిగితే, “నీ నోరు చూసి” అనేవాడు మేస్త్రీ.

నోటి మాట నిజమే. దేవుడు కొందరికి చేతిలో పనితనం ఇస్తాడు, కొందరికి నోట్లో మాట ఇస్తాడు. ఆమెకి రెండూ ఇచ్చాడు. పొద్దున్న ఆరింటికి పై అంతస్తుల నుంచి గొట్టంలో మూటలు జారిపడేవి. వాటిని విప్పి, మరకలున్నవి ఒక పక్కకీ, మామూలు మురికివి ఒక పక్కకీ వేసి, చన్నీళ్ళలో నానేసి, పీపాల్లాంటి యంత్రాల్లో తిప్పి, వేడి రోలర్ కిందికి ఇద్దరు అటూ ఇద్దరు ఇటూ నిలబడి దుప్పట్లు పంపేవాళ్ళు. ఇంత పనిలోనూ ఆమె నోట్లో నువ్వుగింజ నానేది కాదు. యంత్రాల హోరు మీదుగా వినపడేటట్టు మాట్లాడీ మాట్లాడీ ఆమె గొంతు ఇంట్లో కూడా అదే స్థాయిలో ఉండిపోయింది.

ప్రతి బట్ట మూలనా ఏ విభాగానిదో రంగుదారంతో కుట్టి ఉంటుంది. అత్తకి ఆ కుట్టు చూడాల్సిన పని లేదు. పిల్లల వార్డు దుప్పట్లు తియ్యటి మందు వాసన వేస్తాయి. ఎముకల వార్డువి తెల్లటి పొడి రాలుస్తాయి. ఆకుపచ్చ బట్టలు వచ్చాయంటే ఆపరేషన్లు జరిగే థియేటర్‌వి. ముసలివాళ్ళ వార్డు మూటల్లో అప్పుడప్పుడు ఒక పళ్ళసెట్టో, కళ్ళజోడో దొరికేది. దాన్ని కడిగి, తుడిచి, గుడ్డలో చుట్టి, తన టీ వేళలో మూడు అంతస్తులు ఎక్కి మరీ ఇచ్చి వచ్చేది. “లిఫ్టులో పోవచ్చుగా అత్తా?” అంటే, “లిఫ్టు రోగులకి. నాకేం రోగం?” అనేది.

అన్ని విభాగాల్లోకీ ఒక్కటే ఆమెకి అంతుపట్టేది కాదు. మూడో అంతస్తు చివర ఉన్న విభాగం అది. దాని నుంచి దుప్పటి అన్నది వచ్చేదే కాదు. ఏడాదికి రెండుసార్లు కిటికీ తెరలు, వారానికోసారి అరడజను కుర్చీ దిండ్ల గలీబులు, అంతే. ఆ గలీబుల మూలలు మాత్రం ఎప్పుడు చూసినా దారాలు లాగేసి ఉండేవి. “పైన ఎలుకలున్నట్టున్నాయి” అనేది అత్త. మేస్త్రీ వాటిని పాత గుడ్డల్లో పడేయమనేవాడు. ఆమె పడేయకుండా, భోజనాల వేళ సూది తీసి, తొందర తొందరగా రెండు వరసల మొండికుట్టు వేసి పైకి పంపేది. మళ్ళీ వారానికి మళ్ళీ అట్లాగే వచ్చేవి.

ఇంక తమ్ముడి బిడ్డ సంగతి. తమ్ముడు దూరాలకి సరుకులు తోలే లారీ డ్రైవరు. భార్య పోయేనాటికి బిడ్డకి నాలుగేళ్ళు. నెలలో ఇరవై రోజులు రోడ్డు మీద ఉండేవాడు కనక బిడ్డని అక్క చేతుల్లో పెట్టాడు. ఏది పెట్టినా రెండు చేతుల్తో పట్టుకుని, మూలన కూర్చుని, చప్పుడు లేకుండా తినే అలవాటు చూసి అత్త ‘ఉడుత’ అని పేరు పెట్టింది. ఆ పేరే నిలిచింది. ఉడుత మాట్లాడ్డం తక్కువ. అందుకని అత్తే మాట్లాడేది. బడిలో చేర్పించేటప్పుడు, చెప్పుల దుకాణంలో, బస్సులో టిక్కెట్టు దగ్గర, ఎవరు ఉడుతని ఏమడిగినా జవాబు అత్త నోటి నుంచి వచ్చేది. “పేరేంటి?” అంటే పేరు, “ఏ తరగతి?” అంటే తరగతి. ఎదుటివాళ్ళు అడగనివి కూడా నాలుగు కలిపి చెప్పేది. అది పెత్తనం అని ఆమె అనుకోలేదు, సాయం అనుకుంది. బిడ్డకి కష్టం లేకుండా చేస్తున్నాననే అనుకుంది.

బడి రికార్డులో ఉడుత ఆడపిల్ల. పద్నాలుగో ఏట ఒక ఆదివారం, ఇద్దరూ మేడమీద ఆరిన బట్టలు మడతపెడుతూ ఉండగా, “అత్తా, నేను అమ్మాయిని కాను” అన్నాడు.

“మరేంటి? నిజం ఉడుతవా?” అని నవ్వింది అత్త. నవ్వుతూ తల తిప్పి ఆ మొహం చూసి ఆగిపోయింది. చేతిలో ఉన్న తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది. ఆ తరవాత ఆ మాట ఇద్దరి మధ్యా మళ్ళీ రాలేదు. వాడు జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాడు. ఆమె ఏమీ అనలేదు. తన పాత చొక్కాలు వాడు తొడుక్కుంటుంటే తమ్ముడు చూసి అక్క వంక చూశాడు. “గాలాడుతుందిలే” అని ఆమె మాట మార్చేసింది.

ఏడాది గడిచింది. ఉడుతకి నిద్ర పోయింది, తిండి పోయింది. ఒకనాడు తనంతట తనే, “అత్తా, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు” అన్నాడు. వీధి చివరి డాక్టరు దగ్గర కూర్చున్నారు. ఆయన ముక్కు మీది కళ్ళజోడు లోంచి చూసి, “ఏమిటి ఇబ్బంది?” అన్నాడు. ఉడుత చెయ్యి జేబు వైపు వెళ్ళింది. ఈలోగా అత్త అందుకుంది. “నిద్ర పట్టదండీ. పరీక్షల బెదురు. చిన్నప్పటి నుంచీ ఇంతే, నీడని చూసినా బెదురే. వాళ్ళమ్మ కూడా…” డాక్టరు బలానికి ఒక సీసా రాసిచ్చాడు. ఉడుత చెయ్యి జేబులోంచి ఖాళీగా బయటికి వచ్చింది.

జేబులు వెతక్కుండా బట్టని నీళ్ళలో వెయ్యడం ఆమె వృత్తిలో లేదు. ఆ సాయంత్రం ఇంట్లో బట్టలు నానేస్తూ ఆ చొక్కా జేబులో మడతపెట్టిన కాగితం చూసింది. రెండే వాక్యాలు. ‘నేను అబ్బాయిని. మిగతాది చెప్పాలంటే ముందు మా అత్తని బయటికి పంపండి.’

అత్త చాలాసేపు బకెట్టు పక్కన ముక్కాలి పీట మీద కూర్చుంది. తరవాత ఆ కాగితం తీసుకెళ్ళి వాడి లెక్కల పుస్తకంలో పెట్టింది. తను చూసినట్టు చెప్పలేదు. మర్నాడు సెలవు పెట్టి బడికి వెళ్ళి లెక్కల టీచరమ్మని కలిసింది. ఆ టీచరమ్మ తలుపు దగ్గరికి వేసి, మంచినీళ్ళిచ్చి, మొత్తం విన్నది. ఇలాంటి పిల్లల్ని చూసే క్లినిక్ ఒకటి ఉందని చెప్పి, ఉడుతని కూడా పిలిచి అడిగి, వాడు సరేనన్నాకే ఉత్తరం రాసింది. ఆ ఉత్తరానికి జవాబు రావడానికి ఏడు నెలలు పట్టింది. క్లినిక్కులు తక్కువ, పిల్లలు ఎక్కువ. జవాబులో ఆస్పత్రి పేరు చూసి అత్త తెల్లబోయింది. తన ఆస్పత్రే. మూడో అంతస్తు చివర.

అక్కడ ఏం చేస్తారో ఉతుకు గదిలో ఎవరినైనా అడగొచ్చు. కానీ అడిగితే ఎందుకని అడుగుతారు. అందుకని ఆమె తనకి తెలిసిన బట్టల లెక్కన ఆలోచించింది. ఆ విభాగం నుంచి దుప్పట్లు రావు. అంటే అక్కడ ఎవరినీ పడుకోబెట్టరు. పడుకోబెట్టకపోతే ఎక్కడికి తీసుకుపోతారు? తిన్నగా థియేటర్‌కే. అంతకంటే వేరే అర్థం ఆమెకి తోచలేదు. థియేటర్‌కి వెళ్ళేవాళ్ళు ఖాళీ కడుపుతో వెళ్ళాలని ఇరవై రెండేళ్ళుగా ఎరుగును.

అపాయింట్‌మెంటు ముందురోజు సాయంత్రం అన్నం గిన్నె దించి, “తొందరగా తినెయ్. ఆ తరవాత పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు” అంది.

“ఎందుకు?”

“రేపు థియేటర్‌కి తీసుకెళ్తే?”

“అత్తా, మాట్లాడతారంతే. నేను చదివాను. మొదటిసారి అసలేం చెయ్యరు.”

“అట్లాగే అంటారు. నా పన్ను పీకేముందు కూడా ‘ఊరికే చూస్తామమ్మా’ అన్నారు.”

ఉడుత కంచం దగ్గరికి లాక్కున్నాడు. “సరే. నువ్వన్నట్టు పస్తుంటా. నేను ఒకటడుగుతా, చేస్తావా?”

“అడుగు.”

“లోపల నువ్వు మాట్లాడకు.”

అత్త గిన్నె మీద మూత పెట్టింది. ఆ కాగితం సంగతి తనకి తెలిసినట్టు వాడికి తెలుసో లేదో ఆమెకి తెలియదు. “ఒక్క మాట కూడానా?” అంది.

“ఒక్క మాట కూడా. నువ్వు మొదలుపెడితే నేనింక చెప్పలేను. మళ్ళీ ఏడు నెలలు ఆగలేనత్తా.”

“సరే” అంది. పక్క మీద వాలేముందు రోజూలాగే దణ్ణం పెట్టుకుని, రోజూ అడిగేవి అడిగి, చివర్లో ఇంకొకటి కలిపింది. రేపొక్క పూటకి నా నోరు నువ్వు పట్టుకో స్వామీ అని.

మర్నాడు పదింటికి ఇద్దరూ మూడో అంతస్తులో ఉన్నారు. అత్త భుజాన ఒక సంచి, అందులో ఇంట్లో ఉతికిన దుప్పటి, తువ్వాలు, మార్చుకోవడానికి ఒక జత. ఆస్పత్రి దుప్పట్ల సంగతి తనకంటే ఎవరికి బాగా తెలుసు! కింద మేస్త్రీ ఎందుకు సెలవని అడగలేదు. “నీ వంతు రోలర్ నేను చూసుకుంటాలే అత్తా” అన్నాడంతే. అడగకుండా ఉండటం కూడా ఒక సాయమేనని ఆమెకి మెట్లెక్కుతుంటే తట్టింది.

నమోదు బల్ల దగ్గర ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఉత్తరం చూసి, అత్త వంక కాకుండా ఉడుత వంక తిరిగి, “నిన్ను ఏమని పిలవమంటావ్?” అంది. జవాబు అత్త నోటిదాకా వచ్చింది. సంచి పిడిని గట్టిగా పట్టుకుంది.

“ఉడుత” అన్నాడు వాడు. అని, “ఇంట్లో అంతే అంటారు. ఇంకో పేరింకా అనుకోలేదు” అన్నాడు.

“ఉడుతా? బావుంది. కాగితాల మీద బడి పేరే ఉంటుంది, అది మా చేతుల్లో లేదు. పిలిచేటప్పుడు మాత్రం ఉడుత అనే పిలుస్తాం. సరేనా?” అని ఫైలు అట్ట మీద పెన్సిలుతో రాసుకుంది. ఇంకో కాగితం ఇచ్చి నింపమంది. నిద్ర, తిండి, బడి, స్నేహితులు, ఇంట్లో ఎవరెవరుంటారు, ఏమైనా మందులు వాడుతున్నావా, ఇట్లాంటివే అన్నీ. రాయకూడదనుకున్నవి వదిలెయ్యొచ్చని అడుగున అచ్చువేసి ఉంది.

పదిన్నరకి లోపలికి పిలిచారు. అత్త గుమ్మంలోనే గదంతా చూసింది. మంచం లేదు. ఎత్తు బల్ల లేదు, తెర లేదు. నాలుగు కుర్చీలు, ఒక కిటికీ, ఒక గోడ గడియారం. నడివయసు డాక్టరమ్మ లేచి నిలబడి కూర్చోమంది. ఆమెకి తెల్లకోటు కూడా లేదు.

“ముందు ఇక్కడేం జరుగుతుందో చెప్తాను. తెలియకుండా కూర్చుంటే భయమేస్తుంది” అంది డాక్టరమ్మ. “ఈరోజు సూదుల్లేవు, మందుల్లేవు. ఒంటి మీద చెయ్యి వెయ్యడం కూడా ఉండదు. మాట్లాడుకుంటాం. గంటన్నర పట్టొచ్చు. ఏ ప్రశ్నకైనా ‘ఇప్పుడు చెప్పను’ అనొచ్చు, నేనేమీ అనుకోను. కాసేపు ముగ్గురం, కాసేపు మనిద్దరమే. నువ్వు ఒక్కడివే ఉన్నప్పుడు చెప్పినవి నువ్వు ఒప్పుకోకుండా మీ అత్తగారికి చెప్పను. ఒక్కటి మాత్రం దాచను. నీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుందనిపిస్తే చెప్పాల్సొస్తుంది. అప్పుడు కూడా ముందు నీకు చెప్పే చెప్తాను.”

“మరి థియేటరు?” అనేసింది అత్త. అనేసి చేత్తో నోరు మూసుకుంది.

డాక్టరమ్మ తికమకపడి చూసింది. “ఏ థియేటరు?”

ఉడుత అత్తని చూశాడు. ఆమె బిగించి పట్టుకున్న సంచి పిడినీ, నోటి మీది చేతినీ చూశాడు. వాడి పెదవుల చివర ఏదో కదిలింది. “మీరు ఆపరేషన్ చేస్తారని మా అత్త నన్ను రాత్రి నుంచి పస్తు పెట్టింది” అన్నాడు. “దుప్పటి కూడా తెచ్చింది.”

డాక్టరమ్మ గట్టిగా నవ్వింది. ఎగతాళి నవ్వు కాదది, అత్తకి ఆ తేడా తెలుసు. “నీళ్ళు కూడా లేవా? అయ్యో!” అంటూ సొరుగు లాగి తన బిస్కెట్ల పొట్లం తీసి బల్ల మీద పెట్టి, జగ్గులోంచి నీళ్ళు వంచింది. “ముందివి తిను. ఆకలి కడుపుతో ఎవరైనా ఏం మాట్లాడతారు? ఇక్కడికొచ్చే పిల్లలకి నేను చెప్పే మొదటి మాటే అది, బాగా తిని రమ్మని. ఉత్తరంలో రాయాల్సింది, మా పొరపాటే.”

ఉడుత బిస్కెట్టుని రెండు చేతుల్తో పట్టుకుని చప్పుడు లేకుండా తిన్నాడు. డాక్టరమ్మ ఈలోగా బడి గురించి, ఏ పాఠం ఇష్టమో, మధ్యాహ్నం ఎవరితో కూర్చుని తింటావో అడిగింది. వాడు ఒక్కో మాటతో జవాబులు చెప్పాడు. పొట్లం సగమయ్యాక ఆమె కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుని, “ఇక్కడికి ఎందుకు రావాలనుకున్నావో నీ మాటల్లో చెప్తావా?” అంది.

ఉడుత నోరు తెరిచాడు. మాట రాలేదు. తల దించుకున్నాడు.

గడియారం ముల్లు కదులుతోంది. డాక్టరమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తొందరపెట్టలేదు, మాట అందించలేదు. అందించాల్సినవన్నీ అత్త నాలుక చివర ఉన్నాయి. మేడమీద చెప్పిన మాట, రాని నిద్ర, కత్తిరించుకున్న జుట్టు, చొక్కాలు, ఆ కాగితం. ఇరవై మాటల్లో తేల్చెయ్యగలదు. వాడి అవస్థ తీర్చెయ్యగలదు. పన్నెండేళ్ళుగా చేస్తున్న పనే అది. ఆమె దవడ నొప్పెట్టేంత గట్టిగా పళ్ళు బిగబట్టి, చూపు నిలపడానికి చోటు వెతుక్కుంది.

ఉడుత ఒళ్ళో కుర్చీ దిండు ఉంది. వాడి చూపుడువేలు దాని మూలని గీరుతోంది. ఒక దారం లాగుతోంది, వదులుతోంది, మళ్ళీ లాగుతోంది. ఆ మూలన రెండు వరసల మొండికుట్టు. ఆ తొందర, ఆ వంకర, ఆ ముడి అన్నీ తనవే. అత్త ఆ కుట్టు వంకే చూస్తూ కూర్చుంది. ఎలుకలు కావు. ఎంతమంది పిల్లలు ఈ కుర్చీలో ఇట్లా నోరు పెగలక కూర్చుని ఉంటారో! వారానికి అరడజను గలీబులు. వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు నోరు మూసుకుని కూర్చోగలిగారో లేదో.

“నేను మాట్లాడితే” అన్నాడు ఉడుత.

ఎవరూ కదల్లేదు.

“నేను మాట్లాడితే బయటికి వినపడేది నా గొంతు కాదు. లోపల నాకు వినపడేది వేరే. పన్నెండో ఏట నుంచీ అంతే. అందుకని మాట్లాడే ఆ కాస్తా మానేశా. అందరూ భయం అనుకుంటారు. నాకు భయమేం లేదు. ఆ గొంతు వినడం ఇష్టం లేదంతే.” వాడి వేలు దారాన్ని వదిలేసింది. “బడిలో రెండు వరసలు కట్టిస్తారు. నేను నిలబడే వరస తప్పు. రోజూ తప్పు వరసలో నిలబడి, రోజూ ‘ఉన్నాను’ అని చెప్పాలి.”

పన్నెండేళ్ళుగా తను పూడుస్తూ వచ్చిన మౌనం కింద ఇంత ఉందని అత్తకి తెలియదు. బెదురు అనుకుంది, అందరికీ అదే చెప్పింది. ఎందుకు మాట్లాడవని వాడిని ఎన్నడూ అడగలేదు. వాడికి బదులు తను మాట్లాడింది.

కొంతసేపటికి డాక్టరమ్మ, “ఇప్పుడు మనిద్దరం కాసేపు మాట్లాడుకుందామా?” అని ఉడుతని అడిగింది. వాడు తలూపాడు. అత్త ఒక్క మాటైనా లేకుండా లేచి సంచి తీసుకుని బయటికి వచ్చింది.

నడవలో బెంచీ మీద ఒక పెద్దాయన తన మనవరాలితో కూర్చుని ఉన్నాడు. మనవరాలు చెవుల్లో పాటలు పెట్టుకుని గోడని చూస్తోంది. పెద్దాయన జరిగి అత్తకి చోటిచ్చాడు.

“మాకు పన్నెండింటికి. మొదటిసారి” అన్నాడు గొంతు తగ్గించి. “లోపల ఏం చేస్తారమ్మా?”

“అడుగుతారు. అడిగి ఆగుతారు.”

“ఆగడమేంటి?”

“అదే కష్టం తాతగారూ. మిగతాదంతా తేలికే. పిల్లకి ఏమన్నా పెట్టారా?”

“పాలూ రొట్టే తిన్నది.”

“మంచి పని చేశారు. మీ తెలివి నాకు లేకపోయింది” అంది అత్త. ఆయనకి అర్థం కాకపోయినా మర్యాదకి నవ్వాడు.

ఫోను మోగింది. తమ్ముడు. క్లినిక్ సంగతీ, థియేటర్ భయమూ అతనికి ఆమె ముందే చెప్పి ఉంది. వెనక లారీ ఇంజను మోత. “అక్కా, ఏమయింది? మత్తిచ్చారా?”

“మత్తూ లేదు, కత్తీ లేదు. బిస్కెట్లు పెట్టారు.”

“బిస్కెట్లా?”

“ఆ. కుర్చీలో కూర్చోబెట్టి, బిస్కెట్లు పెట్టి మాట్లాడిస్తున్నారు.”

“దీనికా మనం ఏడు నెలలు ఆగింది?”

“నీకు తెలీదులేరా. నాకూ తెలీలేదు.”

“నన్నేమన్నా అన్నదా పిల్ల?”

“నీ ఊసే రాలేదు. ఈసారి నిన్నూ రమ్మంటారేమో. వస్తావా?”

“సరుకు దించాక చెప్తాలే” అని పెట్టేశాడు. రానని మాత్రం అనలేదని అత్త గుర్తుపెట్టుకుంది.

ముప్పావుగంటకి తలుపు తెరుచుకుంది. ఉడుత కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మొహం మాత్రం జ్వరం దిగిన పిల్లల మొహంలా తేటగా ఉంది. అత్త మళ్ళీ పాత కుర్చీలో కూర్చుంది.

“ఈరోజు ఏదీ తేల్చలేదు. తేల్చే రోజు కూడా కాదిది” అంది డాక్టరమ్మ. “ఇంకో మూడు నాలుగుసార్లు కలుస్తాం. ఒకసారి మా ఇంకో డాక్టరు గారు కూడా ఉంటారు. ఉడుత ఒప్పుకున్నాడు కనక ఒకసారి వాళ్ళ నాన్నగారితో మాట్లాడతాను. నిద్ర సంగతి మాత్రం ఇప్పుడే మొదలుపెడదాం, దానికి ఆగక్కర్లేదు. బడిలో వరస విషయం టీచరమ్మకి నేను ఉత్తరం రాస్తాను. ఇక్కడికొచ్చే పిల్లలందరిదీ ఒకే దారి కాదు. కొందరికి ఇట్లా మాట్లాడుకోవడంతోనే చాలా తేలికవుతుంది. కొందరు మందుల గురించి ఆలోచిస్తారు. దానికి వయసూ, పరీక్షలూ, మీ అందరి అంగీకారమూ, బోలెడంత సమయమూ కావాలి. తొందరపెట్టేది లేదు, తలుపు మూసేది లేదు.” అని అత్తని చూసి, “అమ్మా, మీరు పొద్దుటి నుంచీ పెద్దగా ఏమీ అనలేదు. మీకేమనిపిస్తోంది?” అంది.

అత్త ఉడుత వంక తిరిగింది. ఒప్పందం ఇంకా ఉందా, తీరిపోయిందా అన్నట్టు చూసింది.

“చెప్పత్తా” అన్నాడు వాడు.

ఆమె పొద్దున్న నుంచీ పోగేసుకున్న మాటల్లో ఒక్కటీ ఇప్పుడు పనికొచ్చేట్టు లేదు.

“నాకు పూర్తిగా అర్థం కాలేదండీ” అంది. ఉతుకు గది గొంతు కాదది, వాడెప్పుడూ వినని చిన్న గొంతు. “అర్థమయిందని అబద్ధం చెప్పలేను. దేవుడు ఎందుకిట్లా చేశాడో, అసలు చేశాడో, మనమే చూడ్డం తప్పుగా చూశామో నాకు తెలీదు. కానీ ఇంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. పదహారేళ్ళలో ఎప్పుడూ. ఇంకా వినాలని ఉంది.”

డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది. ఉడుత కిటికీ వంక చూస్తూ ముక్కు ఎగపీల్చాడు.

బయట నమోదు బల్ల దగ్గర అమ్మాయి తేదీల పుస్తకం తెరిచింది. “మూడు వారాల తరవాత బుధవారం రాయనా?”

అత్త నోరు తెరవబోయింది.

“బుధవారం కుదరదండీ” అన్నాడు ఉడుత. గొంతు కొంచెం బొంగురుగా ఉంది గానీ వినపడేటట్టే ఉంది. “ఆరోజు థియేటర్ బట్టలన్నీ ఒకేసారి వస్తాయి. అత్త లేకపోతే అక్కడ మేస్త్రీ గారికి కష్టం. నడుం నొప్పి కూడా ఉంటుంది ఆమెకి ఆ సాయంత్రానికి. గురువారం రాయండి.”

“గురువారం పదింటికా, పదకొండింటికా?”

అత్తకి పదకొండే నయం. పదింటికి రోలర్ దగ్గర మనిషి తక్కువవుతుంది. ఆ మాట ఆమె అనలేదు. సంచి భుజం మార్చుకుని, వాడు ఆలోచించుకునేదాకా అక్కడే నిలబడింది.